ముప్ఫై ఆరు తర్వాత

పది కొట్టింది. లిఫ్టులు బాగుచేసేవాడు ఆ బొమ్మ మళ్ళీ పదకొండింటికి పెడతానన్నాడు. సరిగ్గా పదకొండని కాదు, పనిలో టీకి వదిలినప్పుడు అన్నాడు. ఆ టీ పది ముప్పావుకి కావచ్చు, పదకొండుంబావుకి కావచ్చు, ఇప్పటివాళ్ళకి గడియారం చేతికి పెట్టుకునే నగ, అంతకుమించి దానితో పనిలేదు. ఆయన కుర్చీని కంప్యూటరు ముందుకి లాక్కున్నాడు, కూర్చున్నాడు, లేచాడు, తెర మీద వెలుతురు పడుతోందని కిటికీ రెక్క మూశాడు, ఉక్కపోస్తోందని మళ్ళీ తెరిచాడు. తెర మీద అదే బూడిదరంగు డబ్బా. మధ్యలో చిరిగిన కాగితంలాంటి గుర్తు, కింద ఒక్క ముక్క: ఈ చిత్రం ఇప్పుడు లేదు. నిన్న సాయంత్రం దాకా ఉందట. ఖాతా తెరవకుండా ఊరికే పెట్టిన బొమ్మని ఆ సైటు ఒక్క రోజు ఉంచుకుని పారేస్తుందట. పైన లిఫ్టు అతను రాసిన మాటలు మాత్రం చెక్కుచెదరలేదు. బాబాయ్, మా అమ్మ బట్టల పెట్టె అడుగున ఒక నెగటివ్ కవరు దొరికింది, దాని మీద మీ షాపు ముద్ర ఉంది, అన్నీ నా బోసినోటి ఫోటోలే, ఆఖర్న మాత్రం ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది, మీరు వెతికేది ఈవిడేనా చూడండి. చూడండి అన్నాడు. చూడ్డానికి ఏముంది, డబ్బా ఉంది. ఒక్క రోజు. బొమ్మని నిలబెట్టే ఫిక్సరు మందు సరిగ్గా పట్టని ప్రింటు కూడా పోతుంది, కానీ అది చెప్పి పోతుంది, ముందు అంచులు పసుపు తిరుగుతాయి, తర్వాత మొహాలు, ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో మనిషికి సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఇది చెప్పాపెట్టకుండా పోయింది. ఆమె కూడా అంతే, పొద్దున తలనొప్పి అంది, మధ్యాహ్నానికి లేదు, సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

తప్పు ఎవరిదో ఆయనకి తెలుసు. మొన్న సాయంత్రం లిఫ్టు అతను ఆ లింకు పెట్టిన వేళకి ఈయన అలిగి కూర్చున్నాడు. నెట్‌లో పాత ఫిల్ము రీళ్ళవాళ్ళ గుంపులో ఎవడో కుర్రకుంక, ల్యాబ్ తాతా, మీ స్కాన్లలో దుమ్ము కనిపిస్తోంది అన్నాడు. దుమ్ము. ముప్ఫై ఏళ్ళు చీకటిగదిలో ఊపిరి బిగబట్టి రీళ్ళు ఆరబెట్టిన మనిషితో. వాళ్ళూ వీళ్ళూ పంపిన పాత నెగటివ్‌లని గ్లవుజులు తొడుక్కుని స్కానరు గాజు మీద పరిచి, ఒక్కోటి పది నిమిషాలు కళ్ళు పొడుచుకుని, తెచ్చి ఆ గుంపులో ఉచితంగా పెడుతున్న మనిషితో. కంప్యూటరు ప్లగ్గు పీకేశాడు. రెండ్రోజులు ముట్టుకోలేదు. ఆ రెండ్రోజుల్లోనే బొమ్మ వచ్చింది, పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇవాళ పొద్దున ఏడింటికి తెరిచి, ఒంటివేలితో వెతుక్కుంటూ రాశాడు: మళ్ళీ పెట్టండి. దయచేసి అని చేర్చాలా వద్దా అని ఐదు నిమిషాలు ఆలోచించి చేర్చాడు. ఊళ్ళో బడిలో ఏడో తరగతి దాకా చదివాడు, దయచేసి అనే మాట అర్జీల్లో రాయడమే గానీ మనిషికి రాసిన గుర్తు లేదు. కోపం తెచ్చుకోవడం మాత్రం ఏ బళ్ళోనూ నేర్పనక్కర్లేకపోయింది. రెండ్రోజుల అలక ఒక లెక్కా, బావమరిదితో ఆరేళ్ళయింది మాట్లాడి.

కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను మొదలుపెట్టింది. టకటకటక, ఆగింది, టకటక. ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. గోడ మీద ఆమె. ఆమె అనడమే గానీ అది ఆమె కాదు, ఎవరిదో పెళ్ళిలో నలభై మంది నిలబడ్డ గుంపు ఫోటోలో మూడో వరస చివర చింతగింజంత మొహం, దాన్ని లాగి లాగి పెద్దది చేశాడు. కళ్ళుండాల్సిన చోట రెండు మచ్చలు, పక్కన ఇంకెవరిదో చెవి. ఆ చెవిని తియ్యడం కుదర్లేదు. చనిపోయిన రోజు బావమరిది ఇదే గదిలో నిలబడి, అక్క ఫోటో ఒకటి ఇవ్వు బావా, పేపరుకి ఇవ్వాలి అన్నాడు. ఈయన బీరువా తీశాడు, పెట్టెలు తీశాడు, అటక మీంచి అట్టడబ్బాలు దింపాడు, అందరూ చూస్తుండగా గంటసేపు వెతికాడు. లేదు. ముప్ఫై ఏళ్ళ ల్యాబులో, ముప్ఫై ఏళ్ళ కాపురంలో, పెళ్ళాం ఫోటో ఒక్కటి లేదు. అప్పుడు బావమరిది గొంతు పెంచకుండానే అన్నాడు.

"లోకంలో అందరి మొహాలూ కడిగావు బావా. మా అక్క మొహం ఒక్కటి నీ చేతికి రాలేదు. దీపం కింద చీకటంటే ఇదే."

చావింట్లో అనాల్సిన మాటేనా అది. ఆ రోజు నుంచి గడప తొక్కనివ్వలేదు. ఫోనొస్తే తియ్యలేదు. మాట తప్పయితే ఎప్పుడో మర్చిపోయేవాడు, తప్పు కాకపోవడమే వచ్చిన చిక్కు.

పెళ్ళి ఫోటోలైనా లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఉండేవి. పనిలో కొత్తగా చేరిన రోజులు, పెళ్ళికి వాళ్ళ షాపు యజమానే వచ్చి ఒక రీలు పూర్తిగా తీశాడు, నా పెళ్ళి రీలు నేనే కడుక్కుంటానని ఈయన పట్టుబట్టాడు. రెండు సీసాలు పక్కపక్కన ఉన్నాయి, ఒకే రంగు మూతలు, మనసెక్కడో ఉంది, బొమ్మని తేల్చే డెవలపరు పోయాల్సిన చోట ముందు ఫిక్సరు పోశాడు. అంతే. ముప్ఫై ఆరు ఫ్రేములూ గాజులా తెల్లగా వచ్చాయి, మచ్చుకి ఒక్క నీడ లేదు. పైకెత్తి బల్బుకి పట్టుకుంటే బల్బే కనిపించింది. కెమెరాలో ఏదో లోపం అని అందరికీ చెప్పాడు. ఆమెకి మాత్రం నిజం చెప్పాడు. ఆమె ఆ తెల్ల రీలు చేతిలోకి తీసుకుని చూసి, మనం బాగానే పడ్డాం, మీరే కాస్త కళ్ళు మూసుకున్నారు అంది. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది, మొహం లేదు. మొహం తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే గోడ మీది మచ్చలే వస్తున్నాయి, ఆరేళ్ళుగా వాటినే చూసి చూసి అసలుది చెరిగిపోయింది, నకలు మీద నకలు తీస్తే జరిగేది ఇదే. ముక్కు ఎలా ఉండేది. పన్ను ఒకటి అంచు విరిగి ఉండేది, కుడివైపా ఎడమవైపా. ఇది ఎవరికి చెప్పుకోవాలి. బావమరిదికా.

పది ఇరవై. పేజీ మళ్ళీ తెచ్చాడు. డబ్బా. మళ్ళీ తెచ్చాడు. డబ్బా.

నిజానికి ఆమె ఉంది. ఒక చోట కాదు, వందల చోట్ల ఉంది, వందల ఇళ్ళలో, బట్టల పెట్టెల అడుగున, చెప్పుల డబ్బాల్లో, ఎవరూ విప్పని కవర్లలో. ఈ సంగతి ఆయనకి నాలుగు నెలల కిందట, ఎవరిదో రీలు స్కాన్ చేస్తూ ఆఖరి ఫ్రేములో ఒక ఖాళీ కుర్చీ చూసినప్పుడు తట్టింది. రీలు అయిపోకుండానే కడగమని తెచ్చేవాళ్ళు జనం. ఒక్కటే మిగిలిందండీ, అర్జెంటండీ అని కెమెరా బల్ల మీద పెట్టేవాళ్ళు. మిగిలినవి కొట్టేస్తే గానీ రీలు వెనక్కి చుట్టడం కుదరదని కాదు, చుట్టొచ్చు, కానీ ల్యాబులో అలవాటు అది, ఖాళీ ఫ్రేము వదలకూడదు. కెమెరా ఎత్తి, కన్ను పెట్టకుండా, ఎదురుగా ఏదుంటే దాని మీద నొక్కేవాడు. ఎదురుగా ఏముంది, ఆమె ఉంది. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల వెనక కుర్చీలో కూర్చుని కవర్ల మీద నంబర్లు వేసింది, పెన్సిలు మొన నాలుకకి అద్దుకుని వేసేది, సాయంత్రానికి కింది పెదవి మీద నల్లటి మరక. కదలకు అనేవాడు, నొక్కేవాడు. ఫోటో అని కాదు, రీలు అవగొట్టడానికి. వచ్చినవాళ్ళు ప్రింట్లు తీసుకునేటప్పుడు నెగటివ్ వెలుతురుకి పట్టి, ఈ చివర ఉన్నదెవరండీ అని అడిగితే, ఎవరూ కాదు, ఆఖరి ఫ్రేము అనేవాడు. ఆమె పక్కనే కవరు అంటిస్తూ ఉండేది. విని ఉంటుంది. విన్నది. ఒకసారి అంది కూడా, నన్నొకటి సరిగ్గా తియ్యరాదూ, ఎవరూ కాకుండా పోతున్నాను అని. ఆదివారం తీస్తానన్నాడు. ఆదివారాలు ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వస్తాయో లెక్క కట్టనక్కర్లేదు, ఒక్కటీ రాలేదు. షాపు మూసేసిన ఏడు, ఎవరూ తీసుకెళ్ళని కవర్లు మిగిలితే, ఫిల్ములోంచి వెండి తీసేవాళ్ళకి మూటలు కట్టి ఇచ్చేశాడు. నాలుగు గోతాలు. వాటిలో ఎన్ని ఫ్రేముల్లో ఉందో. తన చేత్తోనే ఎత్తి బండిలో వేశాడు, ఒక గోతం బరువుగా ఉంటే ఆమె కూడా ఒక చెయ్యి వేసింది.

అందుకే గుంపులో అడిగాడు. గోడ మీది మచ్చల మొహాన్నే స్కాన్ చేసి పెట్టి, కింద రాశాడు: ఫలానా ముద్ర ఉన్న కవర్లు ఎవరింట్లోనైనా ఉంటే, రీళ్ళ ఆఖరి ఫ్రేములు చూడండి, ఈ మనిషి ఉంటే స్కాన్ చేసి ఎక్కడైనా పెట్టి లింకు ఇవ్వండి. ఎవరని రాయలేదు. నలుగురు నవ్వారు, తాత ఆఖరి ఫ్రేము ప్రేమకథ అని ఒకడు, వాడితోనూ మాటల్లేవు. కానీ లింకులు వచ్చాయి. నాలుగు నెలల్లో ముప్ఫై ఒకటి. గోడ. ఖాళీ కుర్చీ. సగం మూసిన షట్టరు. నేల మీద చెప్పుల జత, ఆమెవే, మనిషి లేదు. తన బొటనవేలే, తెర నిండా, లెన్సుకి అడ్డంపడి. ఒక దాంట్లో బల్ల అంచు మీద మోచెయ్యి, చేతి గాజు వెనక్కి జరిగి ఉంది, ఆ మోచేతిని నలభై సార్లు పెద్దది చేసి చూశాడు, పెద్దది చేస్తే మోచెయ్యి మోచెయ్యే అయింది. కన్ను పెట్టకుండా నొక్కినవాడికి కుర్చీయే పడుతుంది, కుర్చీలో ఉన్నవాళ్ళు పడరు. ఇంత బాగా తెలిసిన సంగతి ఇన్నేళ్ళు తెలియలేదు.

పది ముప్పావు దాటింది. మంచినీళ్ళు తాగాడు. గ్లాసు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి ఇంకో గ్లాసు తీశాడు. కింద కుట్టే ఆవిడ మిషను ఆపి పైకి కేకేసింది, ఏంటి బాబాయ్ పొద్దుట్నుంచీ బోనులో పులిలా తిరుగుతున్నారు, నా నెత్తి మీద సున్నం రాలుతోంది అని. ఏం లేదు అన్నాడు. ఏం లేకపోతే కూర్చోండి అంది. కూర్చున్నాడు. లిఫ్టు అతను ఏ లిఫ్టు గూట్లో వేలాడుతున్నాడో, టీ తాగుతాడో లేదో, తాగినా గుర్తుంటుందో లేదో. పెట్టకపోతే మళ్ళీ అడగాలి. అడిగే నోరు కాదిది. ఒకసారి దయచేసి అన్నాడు, రెండోసారి రాదు. అసలు ఆవిడ ఈవిడేనా. బోసినోటి ఫోటోలన్నాడు, ఏ తల్లో పసివాడిని ఎత్తుకుని వచ్చి ఉంటుంది, ఒక్కటే మిగిలిందండీ అని ఉంటుంది, ఎంతమంది తల్లులు, ఎంతమంది పసివాళ్ళు, మొహాలు కడగడమే గానీ చూసిందెప్పుడు. సగం ఫ్రేముల గురించి గొడవ మాత్రం గుర్తుంది, దిక్కుమాలిన జ్ఞాపకం. ముప్ఫై ఆరు అయ్యాక కూడా కెమెరా మీట ఒక్కోసారి ఇంకొంచెం తిరుగుతుంది, అయిందో లేదోనని ఇంకోటి నొక్కుతాం. ఆ ముప్ఫై ఏడోది నిలవదు. చీకట్లో రీలు చుట్ట నుంచి కోసేటప్పుడు కత్తెర దానిలో సగం తినేస్తుంది. మిగిలిన సగాన్ని ఆయన ఆరాక కత్తిరించి బుట్టలో వేసేవాడు. సగం ఫ్రేము ఫ్రేము కాదు అనేవాడు. ముక్కలు కోసే పని ఆమె చేసిన రోజు మాత్రం ఆ సగం అలాగే ఉంచి కవర్లో పెట్టేసేది. ఎన్నిసార్లు తిట్టాడు. వాళ్ళ రీలు, వాళ్ళ ముక్క, మనకెందుకు కొయ్యడం అనేది. చెప్పిన మాట వినవు అనేవాడు. వినేది కాదు.

టింగుమంది.

పదకొండు ఏడు. లింకు. కింద ఒక ముక్క: సారీ బాబాయ్, మేస్త్రీ కదలనివ్వలేదు. రెండుసార్లు గురి తప్పి మూడోసారికి నొక్కాడు. తెల్లటి పేజీ, తర్వాత పైనుంచి కిందికి, తెర ఎత్తుతున్నట్టు కాదు, దించుతున్నట్టు, గీత గీతగా. గోడ వచ్చింది. గోడ మీద గడియారం, మసక. ఆయన షాపు గడియారమే. తర్వాత జుట్టు. ఆయన లేచి నిలబడ్డాడు. నుదురు, భుజాలు, జుట్టు సర్దుకుని అప్పుడే దించుతున్న చెయ్యి. నిటారుగా కూర్చుంది, ఫోటో తీయించుకునేవాళ్ళు కూర్చున్నట్టు. ఆమే. ఏ సందేహమూ లేదు, ఆమే, కానీ మొహం లేదు, నీళ్ళలో చూసినట్టు ఉంది, కళ్ళూ ముక్కూ నోరూ ఒకదాంట్లోకి ఒకటి కరిగి ఉన్నాయి. బొమ్మ కిందికంటా దిగింది. బల్ల అంచు, దాని మీద కవర్లు, కవర్ల మీద కత్తెర, కత్తెర మధ్య మరమేకు, మరమేకు మీద గీత, అన్నీ కత్తిలా స్పష్టంగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ పనివాడి కన్ను ముందు తప్పు పట్టుకుంది, మనిషి కన్ను తర్వాత ఏడ్చింది. తల్లి పసివాడిని దగ్గరగా తీసింది, రెండు బారలు కాదు, ఒక్క బారెడు దూరానికి ఫోకస్ పెట్టి. లెన్సు రింగు అక్కడే ఉండిపోయింది. ఈయన తిప్పలేదు. ఎందుకు తిప్పుతాడు, ఎవరూ కాదు కదా. వేలితో ఇంత తిప్పితే చాలు, గోరంత, ఆమె వచ్చేది. ఆమె జుట్టు సర్దుకుంది. అవగొడుతున్నాడని తెలిసి, ఎవరింటికో పోతుందని తెలిసి, ప్రతిసారీ సర్దుకుని కూర్చునేదన్నమాట. ఇరవై రెండేళ్ళు ఆమె ఫోటోకి కూర్చుంది, ఇరవై రెండేళ్ళు ఆయన కత్తెరని తీశాడు. బావమరిది అన్నది తక్కువే. ఇంకా అనాల్సింది.

మళ్ళీ టింగుమంది. ఈవిడేనా? వెంటనే ఇంకో ముక్క: దీని పక్కన ఇంకో సగం ముక్క ఉంది, పనికొస్తుందో లేదో, పెట్టమంటారా? ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు, దొరకలేదు, నిలబడే కొట్టాడు: పెట్టండి. దయచేసి. రెండోసారి కూడా వచ్చింది ఆ మాట.

ఆరు నిమిషాలు. మిషను ఆగి ఉంది. ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. ఆ సగాన్ని తను కొయ్యలేదు, అంటే ఆ రోజు కోసింది ఆమె, అంతవరకే అనుకున్నాడు, దాన్నే మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు.

వచ్చింది. కుడి సగమంతా నలుపు, వంకరగా, చీకట్లో కత్తెర తిన్న చోటు. ఎడమ సగంలో ఆమె. నిటారుగా లేదు. మీట మళ్ళీ తిప్పడం చూసి విసుక్కుని లేచి, బల్ల మీదికి వంగి, కెమెరా లాక్కోవడానికి చెయ్యి చాచింది. చాలించండి ఇంక, ఇటివ్వండి అంటోంది, నోరు ఆ మాట మధ్యలో ఉంది. ఒక కన్ను. కన్నంటే కన్ను, రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, నల్లగుడ్డులో కిటికీ, కిటికీలో ఎవడో కెమెరా ఎత్తిన మనిషి. అంచు విరిగిన పన్ను ఎడమవైపే. కింది పెదవి మీద పెన్సిలు మరక. ఆయన అప్పుడు కూడా రింగు తిప్పలేదు. ఆమే జరిగింది. పసివాడి మొహం కోసం ఎవరో పెట్టి వదిలేసిన దూరానికి, సరిగ్గా అక్కడికి, ఆమే వచ్చింది. కదలకు అని ఉంటాడు ఆ రోజు కూడా, ఎప్పుడూ అనే మాటే కదా. విని ఉంటే కత్తెరే మిగిలేది.

ముందు బొమ్మని కంప్యూటర్లోకి దించుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు, మూడు చోట్ల. లింకు రేపు ఈపాటికి బూడిద డబ్బా అవుతుంది. కాగితం మీద వెయ్యాలి. రెండు. నలుపుతో సహా, ఏమీ కొయ్యకుండా. ఒకటి గోడకి, ఆ చెవిని దించేసి. రెండోది బావమరిదికి. ఉత్తరం ఏమీ రాయడు, వెనక షాపు ముద్ర వేస్తాడు, అంతే, వాడే చూసుకుంటాడు.

కింద మిషను మళ్ళీ అందుకుంది. తెర మీద లిఫ్టు అతని ప్రశ్న ఉంది, టీ అయిపోయి ఉంటుంది, అయినా అడిగాడు: ఇంతకీ ఎవరు బాబాయ్ ఆవిడ?

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"మా ఆవిడ. చెప్పిన మాట వినేది కాదు."